పాట ఎత్తుకునేవారు

ఆదివారం పూజలో అన్నిటికన్నా కష్టమైన పాట అన్నిటికన్నా చిన్నది. మొదటి పఠనం కాగానే వచ్చే భక్తి కీర్తన అది. ఒక్క వరుస పల్లవి, మూడో నాలుగో చరణాలు, అంతే. తబలా దరువు అండగా ఉండదు, పక్కన పదిమంది గొంతులు ఉండవు. ఒక్క మనిషి పఠన వేదిక దగ్గరికి నడిచివెళ్లి, పుస్తకం తెరిచి, పల్లవిని ఒకసారి పాడి వినిపించాలి. ఆ ఒక్క వినికిడితో గుడిలోని వాళ్లంతా దాన్ని అందుకోవాలి. ముందు వరసలో చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న తాతయ్య, రాత్రంతా చదివి నిద్రకళ్లతో వచ్చిన హాస్టల్ కుర్రాడు, ఏడుస్తున్న పసిపిల్లను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డ తల్లి, అందరూ. వాళ్లు అందుకుంటే కీర్తన నడుస్తుంది. అందుకోకపోతే మైకులో ఎంత తియ్యగా పాడినా అది కచేరీ అవుతుంది గానీ పూజ కాదు.

ఇలా పాట ఎత్తుకుని జనం చేత పాడించేవారిని కాంటర్ అంటారు. కతోలిక పూజా నియమావళి భక్తి కీర్తన పాడేవారిని, మిగతా పాటలు నడిపించేవారిని వేర్వేరుగా పేర్కొంటుంది. మన విచారణల్లో (పారిష్‌లలో) మాత్రం చాలాచోట్ల రెండు పనులూ ఒకరి మీదే పడతాయి. క్వయర్‌లో పదిహేను మంది పాడుతున్నా ఈ పనికి ముందుకొచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల పూజల్లో కొన్నేళ్లుగా పాడుతున్న మనిషిగా నాకు గట్టిగా అనిపించే మాట ఒకటుంది. మన గుళ్లలో పాటలకు కొదవ లేదు, వాయిద్యాలకు కొదవ లేదు, మంచి గొంతులకూ కొదవ లేదు. జనం చేత పాడించే మనిషికే కొదవ.

రైలు పట్టాలు, హాస్టల్ గదులు

తార్నాకలో పాట ఎలా ఉంటుందో తెలియాలంటే ఇక్కడికి ఎవరెవరు వచ్చి చేరారో చూడాలి. ఒక పక్క లాలాగూడ, మెట్టుగూడ. అక్కడి రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లిష్ స్తుతిగీతాలను, పియానో అలవాటును, రెండు మూడు స్వరాలు కలిపి పాడే పద్ధతిని ఈ పేటల్లో నాటాయి. ఇంకో పక్క 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఖమ్మం, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి ఎంఏకూ పీహెచ్‌డీకీ వచ్చే పిల్లలు తమ ఊరి గుడిలో ఉపదేశి నేర్పిన కీర్తనలను, డోలక్ మీద వేసే భజన దరువును వెంట తెచ్చుకుంటారు. ఎదురుగా ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ. అక్కడికి మేఘాలయ నుంచి, నాగాలాండ్ నుంచి, కేరళ నుంచి చదువుకోవడానికి వస్తారు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు నలుగురు ఒకచోట నిలబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే నాలుగు స్వరాల్లోకి విడిపోయి పాడతారు. హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఇటు ఐఐసీటీ. ఆ ప్రయోగశాలల్లో పనిచేసే కుటుంబాల నుంచి వయొలిన్ నేర్చుకున్న పిల్ల ఒకతో, కర్ణాటక సంగీతం తెలిసిన అమ్మగారు ఒకరో క్వయర్‌లో చేరుతుంటారు.

రామంతపూర్ కూడా దూరమేమీ కాదు. తెలుగు మేత్రాసనాల గురువిద్యార్థులు చదివే సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం అక్కడుంది. మెట్రో ఎక్కితే తార్నాక తర్వాత మెట్టుగూడ, ఆ తర్వాత సికింద్రాబాద్ ఈస్ట్. 2017 నవంబర్‌లో ఆ దారి తెరుచుకున్నాక పండుగ రోజుల్లో సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కు వెళ్లి పాడి, మధ్యాహ్నానికి హాస్టల్ మెస్‌కు చేరుకోవడం పిల్లలకు సులువైంది. ఆ గుడి 1850 నాటిది. కంటోన్మెంట్‌లోని ఐరిష్ సైనికులు మోకరిల్లిన చోటు. 2008లో దానికి బసిలికా హోదా దక్కింది. అక్కడ గొంతు విప్పిన ప్రతి తరమూ వేరే భాషలో పాడింది: మొదట లాటిన్, పక్కనే ఇంగ్లిష్, తమిళం, ఆ తర్వాత తెలుగు.

మన భాషలో పూజ

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా తోస్తుంది గానీ, 1960ల దాకా పూజ అంతా లాటిన్‌లోనే. క్వయర్ లాటిన్‌లో పాడుతుంటే జనం జపమాల తిప్పుకుంటూ ఉండేవారు. గుంటూరు వైపు పాత కతోలిక గ్రామాల్లో, ఫిరంగిపురం లాంటి చోట్ల, అక్షరం ముక్క రాని అవ్వలు కూడా లాటిన్ పాటలను కంఠతా పట్టారు. అర్థం తెలియకుండా అంత శ్రద్ధగా పాడినవాళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఆ పాట వాళ్ల చేతిలో లేదు, క్వయర్ చేతిలో ఉంది.

1903 నవంబర్ 22న, సంగీతకారుల పాలక పునీతురాలు సెసిలియా పండుగ నాడు, పదో భక్తినాథ పోపుగారు గుడి సంగీతంపై ఒక శాసనం వెలువరించారు. నాటక సంగీతాన్ని గుడిలోంచి తీసేయమన్నారు, గ్రెగోరియన్ గానానికి పెద్దపీట వేశారు. అదే శాసనం పియానోను, డప్పుల్లాంటి మోత వాయిద్యాలను నిషేధించింది. స్త్రీలు గాయక బృందంలో ఉండకూడదని కూడా చెప్పింది. ఈ రోజు తార్నాకలో ఏ పూజకైనా వెళ్లి చూడండి, క్వయర్‌లో సగానికి పైగా అమ్మాయిలే. కీబోర్డు దగ్గరా అమ్మాయే, భక్తి కీర్తన పాడేదీ అమ్మాయే. ఆ నియమం అలాగే ఉండి ఉంటే మా క్వయర్‌కు శనివారం రాత్రి సాధనకు గది తలుపు తీసే దిక్కు కూడా ఉండేది కాదు.

మార్పు రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. 1963 డిసెంబర్ 4న ఆరాధనపై తొలి నిర్ణయ పత్రాన్ని 2,147 ఓట్లతో ఆమోదించారు. వ్యతిరేకంగా పడ్డవి నాలుగే. అది మాతృభాషకు తలుపు తీసింది. గాయక బృందాలను పెంచాలంటూనే, పాట జనమంతా పాడేదిగా ఉండేలా చూడాలని చెప్పింది. ఆయా దేశాల సంగీత సంప్రదాయాలకు తగిన స్థానం ఇవ్వమన్నది. 1967 మార్చిలో వచ్చిన మరో పత్రం ఇంకాస్త ముందుకు వెళ్లింది. క్వయర్ పెట్టుకునే వీలు లేని చోట కూడా బాగా తర్ఫీదు పొందిన గాయకులు ఒకరిద్దరైనా ఉండాలని చెప్పింది. అందులోనే స్త్రీ పురుషులు కలిసి పాడే బృందాలకూ చోటు దొరికింది. ఉస్మానియా గోడల పక్కన ఉంటూ ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. పై చదువును ఇంగ్లిష్ నుంచి విడదీసి దేశభాష అయిన ఉర్దూలో చెప్పడానికి పుట్టిన విశ్వవిద్యాలయం ఇది. చదువులో ఈ నేల చేసిన ఆ సాహసాన్ని పూజలో చేయడానికి రోముకు మరో నలభై అయిదేళ్లు పట్టింది.

తెలుగులోకి వచ్చేసరికి మనకు కొత్తగా అంతా కట్టుకోవలసిన పని పడలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి ప్రొటెస్టంట్ కవులు అప్పటికే రాగం, తాళం పేర్లు పైన వేసి మరీ కీర్తనలు రాసి ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ ఆ పేర్లు కనిపిస్తాయి. సికింద్రాబాద్‌లోని అమృతవాణి కేంద్రం తెలుగు కతోలిక పాటలను రికార్డు చేసి ఊరూరికీ చేర్చింది. క్యాసెట్ల కాలంలో పెరిగిన ఉపదేశి పిల్లలకు అదే సంగీత పాఠశాల.

డప్పు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు కతోలికుల్లో అధిక సంఖ్యాకులు దళితులు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే. ఊరి పొలిమేరలో చావుకూ జాతరకూ మాత్రమే కొట్టించుకున్న డప్పు, కానుకల ఊరేగింపులో బలిపీఠం దాకా నడిచివస్తుంటే దాన్ని మోత అనడానికి నాకు నోరు రాదు. అయితే డప్పు కూడా పాటకు అణగే ఉండాలి. మనుషుల గొంతు దాని కింద మునిగితే మళ్లీ పాట జనం చేతిలోంచి జారినట్లే.

ఒక్క కీర్తన వెనక

భక్తి కీర్తనను మార్చి మరో పాట పాడకూడదు. ఇది చాలా క్వయర్లు పట్టించుకోని నియమం. ఆ రోజు మొదటి పఠనానికి జవాబుగా కీర్తనల గ్రంథంలోంచి ఏరి పెట్టిన భాగమది. ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా సువిశేషాలు. అంటే ఈ ఆదివారం పాడిన కీర్తన మళ్లీ అదే ఆదివారానికి వచ్చేసరికి ఎంఏలో చేరిన పిల్ల పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటుంది. అందుకే చాలాచోట్ల భక్తి కీర్తనను చదివేస్తారు, లేదా అందరికీ తెలిసిన పాట ఒకటి ఎత్తుకుంటారు. నూట యాభై కీర్తనల సంపద అలా మూతపడి ఉండిపోతుంది.

పాడటం మాత్రం మనం అనుకునేంత కష్టం కాదు. హెబ్రీ కీర్తనలో ప్రతి చరణం దాదాపు రెండు సగాలుగా ఉంటుంది. మొదటి సగం చెప్పినదాన్ని రెండో సగం మరోలా చెబుతుంది, లేదా పొడిగిస్తుంది. గ్రెగోరియన్ పద్ధతిలో మొదటి సగమంతా ఒకే స్వరం మీద నడిచి ఒక మలుపు తిరిగి ఆగుతుంది, రెండో సగం మళ్లీ అదే స్వరం మీద నడిచి కిందికి దిగి ముగుస్తుంది. నాటకంలో పద్యం విన్న తెలుగువాడికి ఇది బొత్తిగా కొత్త కాదు. పద్యగాడు కూడా మాటలను దాదాపు మాట్లాడినట్లే నడిపించి, పాదం చివర రాగం తీస్తాడు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ చివరి స్వరాన్ని నిలపడం మనకు హాయిగా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది మధ్యలో. దీర్ఘాన్ని హ్రస్వం చేసినా, సమాసాన్ని ఊపిరి అందక రెండు ముక్కలు చేసినా అర్థం చెడుతుంది. అందుకే బుధవారం నాటికే పాఠం చేతికి రావాలి. ముందు రెండు మూడు సార్లు మామూలుగా చదవాలి, ఎక్కడ ఊపిరి తీయాలో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. రాగం సంగతి ఆ తర్వాత.

పల్లవిని కట్టేటప్పుడు మా క్వయర్‌లో ఒక అలవాటు ఉంది. సంగీతం రాని ఒకరిని పిలిచి పాడి వినిపిస్తాం. అప్పటికప్పుడు తిరిగి పాడగలిగితే ఉంచుతాం, లేకపోతే మారుస్తాం. నూట ముప్ఫయ్యారో కీర్తన చూడండి: ఇరవై ఆరు చరణాలకూ ఒకే వంత. వేల ఏళ్ల కిందట దేవాలయంలో ఒకరు చెబుతుంటే జనం వంత పాడిన పద్ధతి ఆ పుటల్లోనే కనిపిస్తుంది. మన భజనలూ అలాగే సాగుతాయి, బుర్రకథా అలాగే సాగుతుంది. ఒకరు చెప్పడం, పదిమంది అందుకోవడం తెలుగువాళ్లకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు.

శృతి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. రికార్డింగ్ స్టూడియోలో గాయకుడు తన గొంతుకు తగ్గట్టు పాడిన పాటను గుడిలో అదే శృతిలో ఎత్తుకుంటారు. జనం గొంతు కీబోర్డు మీద మధ్య ‘సి’ నుంచి పై ‘సి’ దాకా, మహా అయితే ‘డి’ దాకా హాయిగా వెళుతుంది. అంతకన్నా పైకి పోతే మగవాళ్లు ఆగిపోతారు. మరీ కిందికి దిగితే ఆడవాళ్ల గొంతు వినపడదు. పొద్దున ఆరున్నర పూజకు ఇంకో అర మెట్టు దించక తప్పదు, అప్పటికి ఎవరి గొంతూ పూర్తిగా తెరుచుకోదు. “అక్కా, మీకు ఇంకా పైన బాగుంటుంది కదా” అని కీబోర్డు తమ్ముడు అంటాడు. “నాకు బాగుంటే చాలదు తమ్ముడూ, వెనక బెంచీ వాళ్లకు అందాలి” అని జవాబు. ఈ సంభాషణ మా దగ్గర దాదాపు ప్రతి శనివారం నడుస్తుంది.

ఇక మైకు. పల్లవి పాడి వినిపించాక చెయ్యెత్తి జనాన్ని పిలవాలి, వాళ్లు అందుకోగానే మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేయాలి. కాంటర్ గొంతే స్పీకర్లలో మోగుతుంటే తమ గొంతు తమకే వినపడక జనం ఊరుకుంటారు. వాళ్లను వాళ్లకు వినపడనివ్వాలి. మంచి గొంతు ఉన్నవాళ్లకు ఈ ఒక్క అడుగు నేర్పడమే అన్నిటికన్నా కష్టం. పోటీల్లో పాడి ప్రైజులు తెచ్చుకున్నవాళ్లకు మరీ కష్టం.

ఈ మధ్య ట్రాకులు వచ్చాయి. ఫోన్‌లో మ్యూజిక్ ట్రాక్ పెట్టి, బ్లూటూత్ స్పీకర్‌కు కలిపి, దాని మీద పాడేస్తారు. వాయించేవాళ్లు దొరకని చోట పిల్లలు చేసుకున్న ఏర్పాటని తెలుసు, వాళ్ల ఉత్సాహాన్ని తప్పు పట్టను. కానీ నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ముసలమ్మ ఊపిరి తీసుకునేదాకా ట్రాక్ ఆగదు. దివ్యసత్ప్రసాదం తీసుకునేవాళ్ల వరస పొడుగైతే ఇంకో చరణం ఎత్తుకోదు, వరస అయిపోతే ముగించదు. కాంటర్ చూపంతా జనం మీద ఉండాలి, ట్రాక్ ఉన్నప్పుడు ఆ చూపు ఫోన్ మీద ఉంటుంది. వాయించేవాళ్లు లేకపోతే వట్టి గొంతుతో పాడండి. తపస్సు కాలంలో వాయిద్యాలను పాటకు ఊతంగా మాత్రమే వాడమని నియమావళి చెప్పేది ఊరికే కాదు. ఆ వారాల్లోనే మా గుడి జనం అన్నిటికన్నా గట్టిగా పాడతారు.

ఇంకో చిన్న సంగతి. 2008లో రోము నుంచి ఒక లేఖ వచ్చింది. యూదులు పైకి పలకని దేవుని పేరును, ‘యావే’ అనే పేరును, పూజలో పాటల్లోనూ ప్రార్థనల్లోనూ పలకవద్దని, ఆ చోట ‘ప్రభువు’ అనాలని. అలవాటైన పాటల్లో మాట మార్చడం తేలిక కాదు, మాత్రలు కుదరవు. కొన్ని పాటలను పూర్తిగా పక్కన పెట్టాల్సి వస్తుంది. కాంటర్‌కు గొంతుతో పాటు ఇలాంటివీ తెలిసి ఉండాలి.

ఆ మూడు రోజులు

ఏడాదంతా చేసిన సాధన పవిత్ర వారంలో పరీక్షకు వస్తుంది. మ్రానికొమ్మల ఆదివారం ఇరవై రెండో కీర్తన, విడిచిపెట్టబడినవాడి మొర. పవిత్ర గురువారం సాయంత్రం మహిమ గీతానికి గంటలన్నీ మోగుతాయి. ఆ తర్వాత అవి పాస్కా జాగరణ దాకా మూగబోతాయి. శుక్రవారం పూజే ఉండదు. సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాల మధ్య నడుస్తూ పాడే పాటకు కాంటర్ గొంతు తప్ప ఆధారం లేదు. మధ్యాహ్నపు ఎండలో, ఉపవాసంతో, ఎండిన గొంతుతో పాడాలి. ఇక్కడ శృతి ఒక్క మెట్టు పైకెత్తుకున్నా పదో స్థలానికి అందరూ చేతులెత్తేస్తారు.

శనివారం రాత్రి జాగరణ. చీకట్లో నిప్పు వెలిగించి, పాస్కా వత్తితో గుళ్లోకి నడిచొచ్చాక పాడే ప్రకటన గీతం పూజావిధిలోని పొడవైన పాటల్లో ఒకటి. డీకన్ పాడాలి, లేకపోతే గురువు. వాళ్లకు వీలు కానప్పుడు సామాన్య విశ్వాసి అయిన కాంటర్ కూడా పాడవచ్చు, డీకన్‌కూ గురువుకూ మాత్రమే చెందిన మాటలను విడిచిపెట్టి. ఆ తర్వాత పాత నిబంధన పఠనాలు ఏడు, ప్రతిదానికీ ఒక కీర్తన. తగ్గించుకుంటే మూడుకు తగ్గించుకోవచ్చు గానీ ఎర్ర సముద్రం దాటిన ఘట్టాన్ని వదలకూడదు. ఆ పఠనం కాగానే మోషే గీతం. అంటే ఒక్క రాత్రిలో కాంటర్లకు ఏడాదిలో ఏ రోజూ లేనంత పని. మా దగ్గర కీర్తనలను పంచుకుంటాం: ఒకటి ఖమ్మం పిల్ల భజన బాణీలో, ఒకటి మేఘాలయ పిల్లలు నాలుగు స్వరాల్లో, ఒకటి మెట్టుగూడ అంకుల్ ఒక్కరే గంభీరమైన గొంతుతో. తార్నాకలో ఎవరెవరు ఉన్నారో ఆ రాత్రి వినపడుతుంది.

చివరికి అల్లెలూయ. తపస్సు కాలమంతా గుళ్లో పలకని మాట. మూడుసార్లు, ప్రతిసారీ ఒక మెట్టు పైకెత్తి ఆలపించాలి. గురువుకు వీలు కాకపోతే కాంటరే ఎత్తుకుంటారు. మూడోసారికి అది నిజానికి జనానికి కాస్త ఎక్కువ శృతే. అయినా అందరూ అందుకుంటారు. సంగీతశాస్త్రం ప్రకారం ఇది ఎలా సాధ్యమని ఎవరైనా అడిగితే, అన్నాళ్లు ఆగినవాళ్ల గొంతు అలాగే ఉంటుందని చెబుతాను.

ఎవరికి అప్పజెప్పాలి

క్యాంపస్ దగ్గరి క్వయర్‌కు పల్లె క్వయర్‌కు లేని చిక్కొకటి ఉంది. ఎంఏ పిల్లలు రెండేళ్లకు వెళ్లిపోతారు. ఈసారి నాలుగు స్వరాలకు మనుషులు కుదిరితే, వచ్చే జూన్‌కు బేస్ స్వరం పాడేవాడు ఉండడు. పీహెచ్‌డీ వాళ్లు అయిదారేళ్లు ఉంటారు కాబట్టి పాటలన్నీ వాళ్ల నోటనే నిలుస్తాయి. పరిశోధన సమర్పించే నెలల్లో వాళ్లూ మాయమవుతారు. ఫైలు ఉంటుంది, జిరాక్స్ కాగితాలు ఉంటాయి, బాణీలు తెలిసినవాళ్లు ఉండరు.

దీనికి మందు పూజా నియమాల్లోనే ఉంది. ప్రతి ఆదివారం కొత్త కీర్తన నేర్చుకోలేని చోట, ఆయా కాలాలకు పెట్టిన సామాన్య కీర్తనల్లో ఒకదాన్ని ఆ కాలమంతా పాడుకోవచ్చు. ఆగమన కాలానికి ఒకటి, తపస్సు కాలానికి రెండు, పాస్కా కాలానికి ఒకటి, సామాన్య కాలానికి నాలుగైదు. పది లోపు కీర్తనలతో ఏడాది గడుస్తుంది. వాటి పల్లవులు రెండేళ్లు వరసగా వింటే గుడికి వచ్చే కుటుంబాలకు నోటికి వచ్చేస్తాయి. పిల్లలు వెళ్లిపోయినా పాట గుళ్లోనే ఉంటుంది, కొత్త కాంటర్‌కు జనమే నేర్పుతారు.

విచారణ గురువులను, క్వయర్ పెద్దలను నేను కోరేది ఇదే. జనవరిలోనే, పరీక్షల హడావుడి మొదలవకముందే, ఇంకా రెండేళ్లు ఇక్కడ ఉండబోయే ఇద్దరిని ఎంచండి. వాళ్లలో ఒకరు క్వయర్‌లో లేనివారైతే ఇంకా మంచిది. తపస్సు కాలపు కీర్తన ఒకటి చేతికివ్వండి, ఊపిరి తీసే చోట్లు చూపించండి, మైకు నుంచి వెనక్కి వేసే అడుగు నేర్పండి. మొదటి ఆదివారం వాళ్లు పాడేటప్పుడు పాత కాంటర్ బెంచీలో జనం మధ్య కూర్చుని పల్లవి అందుకోవాలి.